మూగమడుగు ఒడ్డున కొంగ

వెన్నెలగట్టు పెద్ద కొండేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పొద్దు పొడిచాక చద్దిమూట కట్టుకుని బయలుదేరితే, ఎండ నడినెత్తికి వచ్చే వేళకి పైనున్న నిలువురాళ్ళ దగ్గర కూర్చుని మూట విప్పుకోవచ్చు. సాయంత్రానికి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవచ్చు. మేకలు ఎక్కుతాయి. మేకల వెనక ముసలమ్మలు ఎక్కుతారు, అదీ కోడళ్ళని తిట్టుకుంటూ, ఆయాసం లేకుండా. నిలువురాళ్ళకి అవతల ఉన్న మూగమడుగు మాత్రం రాజవంశానిది. అక్కడికి మామూలు జనం వెళ్ళరు.

అలాంటి కొండ ఎక్కడానికి మణికూట రాజ్యం నెలల తరబడి సన్నాహం చేసింది.

తాతలనాటి రివాజు ఒకటుంది. పట్టాభిషేకానికి ముందురోజు యువరాజు తన కాళ్ళతో కొండెక్కాలి. మూగమడుగులో నోటినిండా నీళ్ళు పట్టాలి. మింగకుండా, ఉమ్మకుండా కిందికి దిగి, ఆ నీళ్ళు సింహాసనం మెట్టు మీద వదిలి, పొద్దుగూకేలోపు సొంత గొంతుతో ప్రమాణం పలకాలి. పలికినవాడే రాజు.

తాతలకి కాళ్ళుండేవి. తర్వాత వచ్చినవాళ్ళకి పండితులున్నారు.

"కొండ అనగానేమి? కొండమట్టియే కదా!" అన్నాడు రాజగురువు సర్వేశ్వరావధాని. "ఆ మట్టిని యువరాజుగారి పాదరక్షల్లో పోయండి. ఇక పల్లకీలో పడుకున్నా కొండ మీద నడిచినట్టే!"

సభంతా ఆహా అంది.

"ఇక నోట నీళ్ళు పట్టడమా? శివశివా! నోట్లో పడితే ఎంగిలి. ఎంగిలి నీళ్ళతో సింహాసనం తడుపుతామా? బంగారు చెంబు చేయించండి."

మళ్ళీ ఆహా. తాతల కాలంలోనూ చెంబులుండేవి కదా, మరి నోట్లోనే ఎందుకు పట్టమన్నారు అని ఒక్కరూ అడగలేదు. ఆ సభలో నోళ్ళన్నీ ఆహా అనడానికే సరిపోయాయి.

ఒక్క రివాజుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే దాని నొప్పి వాళ్ళది కాదు. యువరాజుని కొండ దాకా పల్లకీలో మోసే బోయీల పెద్దని ఆ రోజంతా కోటలో కత్తి కింద కూర్చోబెడతారు. పొద్దుగూకేలోపు యువరాజు వచ్చి ప్రమాణం పలికితే అతన్ని వదులుతారు. లేదంటే తల తీస్తారు. బోయీలు యువరాజుని ఎత్తుకుపోకుండా ఈ కట్టడి.

"ఎవడెత్తుకుపోతాడయ్యా ఆ సరుకుని?" అంది చెంగలువ. "ఊరికే ఇచ్చినా గుమ్మంలో దించుకునేవాడు లేడు."

బోయీల పెద్ద సింగన్న ఆమె తండ్రి. భటులు తీసుకెళ్తుంటే కూతురి తలపాగా సర్ది, "మాట తూలకే తల్లీ. పొద్దు వాలేలోపు ఆయన్ని గొంతుతో సహా తెచ్చి నిలబెట్టు, చాలు," అన్నాడు. పల్లకీ కర్రకి ముందుకొమ్ము పట్టి దారి చెప్పే పని సింగన్నది. ఆ పని తెలిసిన రెండో మనిషి చెంగలువే. మసితో మీసం దిద్దుకుంది, చెంగడు అని పేరు చెప్పింది, కొమ్ము భుజానికెత్తుకుంది. ఆమె మొహం వంక ఎవరూ చూడలేదు. బోయీ మొహం చూసే అలవాటు ఆ కోటలో ఎవరికీ లేదు.

యువరాజు పేరు రణరంగకంఠీరవుడు. రణరంగం ఎటువైపుంటుందో ఆయనకి తెలియదు కానీ కంఠం మాత్రం నిజమే. కోట దాటినప్పటి నుంచి ఆగలేదు.

"ఓరీ బోయీ! అదిగో ఆ శిఖరము! మా శౌర్యమును చూచి తల వంచుకున్నట్టు లేదూ?"

"అది మొగలిపొద దొరా. గాలికి వంగింది."

"మా రాక విని గాలి వీచినది!"

పక్కన కొమ్ము మోస్తున్న పోతయ్య నవ్వాపుకోలేక దగ్గాడు. "ఊరుకోరా చెంగా. నీ నోటికి తాళం లేదు, ఆయన నోటికి తలుపే లేదు."

దారి మాత్రం, ఎవరేమన్నా, కళ్ళకి పండగే. అడవిమల్లెలు బండల మీద విరగబూసి, కొండంతా ముత్యాలు ఆరబోసినట్టుంది. వెదురుపొదల సందుల్లోంచి ఎండ పసుపు పట్టీలుగా జారుతోంది. నెమళ్ళు పింఛాలు ఈడ్చుకుంటూ పల్లకీకి దారిచ్చి, అందులో ఉన్నవాణ్ణి ఒక్క చూపు చూసి, తిరిగి పురుగులు ఏరుకోవడంలో పడ్డాయి. సన్నని సెలయేరొకటి దారికి అడ్డంగా దూకి లోయలోకి పడుతోంది. దాని మీద రెండు దుంగలు వేసిన వంతెన. మేకలు రోజూ దాటే వంతెన. దాన్ని దాటేటప్పుడు యువరాజు కళ్ళు మూసుకుని తన వంశావళి చదివాడు.

వంతెన దాటాక చెంగలువ భుజానికి ఏదో తేడా తెలిసింది.

పల్లకీ వెనక మోసేవాళ్ళకి దారి కనబడదు. ముందున్నవాళ్ళ వీపే వాళ్ళ లోకం. అందుకే ముందుమనిషి "రాయి!" అని అరుస్తాడు, మిగతావాళ్ళు "హోం!" అని కాలెత్తి దాటుతారు. "గుంట!" అంటే అడుగు చాపుతారు. రాయి ఉందా లేదా అని ఎవరూ చూడరు. బోయీగా పుట్టినవాడికి ఆ కేక చెవిలో పడి కాలిలో తేలుతుంది. నలుగురూ ఒక్కసారి కాలెత్తితే కొమ్ము ఉయ్యాల్లా ఊగుతుంది. ఈవేళ మూడు మూలలే ఊగుతున్నాయి. వెనక కుడిమూల బిగదీసుకుని ఉంది.

అక్కడున్నది పొద్దున్నే వచ్చి చేరిన కొత్తవాడు. ఎవరో కోటలోంచి పంపారు, అన్నాడు. సన్నగా, పొడుగ్గా, మెడ ఒక్కటే మరీ పొడుగ్గా.

ముందు దారి అరచెయ్యిలా చదునుగా ఉంది. చెంగలువ గట్టిగా అరిచింది. "రాయీ!"

"హోం!" అన్నాడు పోతయ్య, లేని రాయిని కాలెత్తి దాటుతూ. వెనక ఎడమన లచ్చన్న కూడా ఎత్తాడు. కొత్తవాడు ఎత్తలేదు. చదును నేల మీద చదునుగానే నడిచాడు, కళ్ళుండి చూసుకుని నడిచేవాడిలా.

"పోతయ్య మావా, దించు!"

ముందుకొమ్ము ఒక్కసారిగా నేలకి దిగింది. పల్లకీ ముందుకి తూలింది. యువరాజు తన వంశావళిలో మూడో తాత దగ్గర ఉండగా పరుపుతో సహా బయటికి జారాడు. చెంగలువ అప్పటికే వెనక్కి దూకి, నడుముకున్న కొడవలి కొత్తవాడి మెడకి ఆనించింది.

"ఎవడ్రా నువ్వు? బోయీవి కావు. బోయీ కాలు అబద్ధాన్ని కూడా నమ్ముతుంది."

వాడు నవ్వాడు. నవ్వుతోపాటు వాడి నోట్లోంచి పొగ వచ్చింది. "కంకాళుణ్ణే! కంకాళ మాంత్రికుణ్ణి! నా పేరు వింటే గర్భాలు..."

చెంగలువ కొడవలి విసిరింది. వాడు గిర్రున తిరిగి, చేతులు రెక్కలై, కాళ్ళు పుల్లలై, తెల్లగా టపటపమంటూ పైకి లేచాడు. కొడవలికి రెండు ఈకలు తెగి కిందపడ్డాయి.

"కొంగా!" అంది చెంగలువ, నడుం మీద చెయ్యేసుకుని. "అన్నేళ్ళు శ్మశానంలో కూర్చుని, పుర్రెలు కడుక్కుని, చివరికి నేర్చింది కొంగ కావడమా? పులి కాలేకపోయావా? పోనీ గద్దైనా!"

కొంగ కొండ మీదికి ఎగిరిపోయింది. పైకే ఎందుకు పోయిందని ఆమె ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది. కానీ కొంగని చూసి ఎవరు ఆలోచిస్తారు?

నలుగురు మోసే పల్లకీని ముగ్గురు మోయలేరు. నిలువురాళ్ళు కనుచూపుమేరలోనే ఉన్నాయి, నడిస్తే చాలు.

"నడచుటయా?" అన్నాడు యువరాజు, ఆ మాట మొదటిసారి విన్నట్టు.

"ఒక కాలు ముందుకెయ్యాలి దొరా. తర్వాత రెండోది. చాలామంది చేస్తారు."

"పాదరక్షలలో మట్టి ఒలికిపోవును. శాస్త్రభంగము!"

మాట తూలొద్దన్న తండ్రి మాట గుర్తొచ్చింది. పొద్దు అప్పటికే పడమటికి ఒక అడుగేసింది. చెంగలువ పళ్ళు కొరుక్కుని వంగింది. యువరాజు ఆమె వీపెక్కాడు. పోతయ్యనీ లచ్చన్ననీ ఖాళీ పల్లకీని రాళ్ళ దాకా మోసుకొచ్చి అక్కడే ఉండమంది. ఎక్కేముందు ఆయన దారిఖర్చుగా రెండు తాంబూలాలు నోట్లో కుక్కుకున్నాడు కాబట్టి ఆ కాసేపూ లోకం ప్రశాంతంగా ఉంది. ఆమెకీ ఊపిరి తీసుకోవడమే పనైంది. నిలువురాళ్ళు దాటేటప్పుడు ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడలేదు. అదే వాళ్ళ అదృష్టం. కానీ ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

రాళ్ళు దాటగానే మూగమడుగు.

నీలాన్ని కరిగించి గిన్నెలో పోసి, గిన్నె చుట్టూ మంచు అంచు కుట్టినట్టుంది. ఒక్క అల లేదు. ఆకాశం అందులో పడి అలాగే నిద్రపోయింది. ఒడ్డున ఎర్ర తామరలు, తామరల మీద తుమ్మెదలు, తుమ్మెదలకి రెక్కలాడుతున్నా చప్పుడు లేదు. రాయి దొర్లితే చప్పుడు లేదు. అవతలి ఒడ్డున తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దానికి రెండు ఈకలు తక్కువ.

చెంగలువ యువరాజుని దించి, నాలుక పిడచగట్టుకుపోతుంటే ఒడ్డున మోకాళ్ళ మీద పడి దోసిలితో నోటినిండా నీళ్ళు తీసుకుంది. అదే సమయానికి యువరాజు తాంబూలం తామరల మీద ఉమ్మి, బంగారు చెంబు పైకెత్తి, గొంతు సవరించుకున్నాడు.

"ఓ సరోవరమా! మణికూట మహీమండలేశ్వరుడనగు నేను..."

'నేను' దగ్గరే మాట ఆగింది. ఆయన నోట్లోంచి ఎర్రటి చేపపిల్ల ఒకటి, నిప్పుకణికలా మెరుస్తూ, తళుక్కున దూకింది. నీళ్ళలో పడ్డా చప్పుడు కాలేదు. యువరాజు పెదాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. మాట లేదు. గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన చూడ్డానికి బాగున్నాడు.

చెంగలువ నోట్లో నీళ్ళు మింగడం మర్చిపోయింది. అప్పుడు వెలిగింది ఆమెకి. ఈ ఒడ్డున నోరు విప్పినవాడి గొంతుని మడుగు లాగేసుకుంటుంది. నోట్లో నీళ్ళుంటే నోరు విప్పలేరు. అందుకే తాతలు నోట్లో పట్టమన్నారు. ఎంగిలి అని అవధాని ముక్కు మూసుకున్నాడు. ఆహా అన్న సభ అంతా వచ్చి ఇక్కడ వరసగా నిలబడి ఒక్కసారి ఆహా అంటే, రాజ్యానికి ఎంత హాయి!

ఆ హాయి తలుచుకునే తీరిక లేదు. కొంగ నీళ్ళలోకి ముక్కు పెట్టి, ఎర్ర చేపని ఒడిసిపట్టి, మెడ ఎత్తి గుటుక్కున మింగింది.

"ఓరీ బోయీ!" అంది కొంగ. అచ్చం యువరాజు గొంతు. ఆ దర్పం, ఆ సాగతీత, అన్నీ.

రెక్కలు చాచి ఇవతలికి వచ్చి వాలింది. వాలుతూనే మారింది. కిరీటం, కుండలాలు, పట్టుబట్టలు, అచ్చం యువరాజే ఎదురుగా నిలబడ్డాడు. మెడ మాత్రం ఒక జానెడు ఎక్కువ. అదీ నెమ్మదిగా లోపలికి దిగుతోంది.

"చూచితివా? రూపం వేయడం నాకు చిటికెలో పని. గొంతే దొరకదు. మడుగు ఒకసారి మింగిన గొంతు మడుగుకీ ఎంగిలే, దాన్ని మళ్ళీ ముట్టదు. కనుక నేను మాట్లాడగలను, నీవు మాట్లాడలేవు." కంకాళుడు యువరాజు నవ్వు నవ్వాడు. "పులి కాలేకపోయానంటివి కదే పిల్లా! మీసం చెమటకి కారిపోయినది, తుడుచుకో. పులికి పొడుగు ముక్కు ఉండదు, నీళ్ళలో చేప పట్టలేదు. ఇప్పుడు తెలిసినదా, కొంగ ఎందుకో?"

చెంగలువకి చెంపలు మండాయి. నోట్లో నీళ్ళు, మనసునిండా తిట్లు.

"నీతో నాకు పగ లేదు," అన్నాడు వాడు దగ్గరికొస్తూ. "నన్ను పల్లకీలో కూర్చోబెట్టి కోటకి మోయండి. నేను ప్రమాణం పలుకుతాను. నీ అయ్య తల నిలుస్తుంది. నీకు కావలసినది అదే కదా? ఈ మట్టిబొమ్మ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరు? దీన్ని ఇక్కడే వదిలేయి, నీళ్ళలోకి తోసేస్తాను."

చెంగలువ యువరాజు వంక చూసింది. ఆయన చెంబు జారవిడిచి, బురదలో కూలబడి, రెండు చేతులతో ఆమె కాలు పట్టుకుని ఉన్నాడు. నిజమే. ఏడ్చేవాళ్ళెవరూ ఆమెకి గుర్తురాలేదు.

కానీ తన రహస్యం తెలిసిన బోయీని కోట గుమ్మం దాటాక బతకనిచ్చేంత వెర్రివాడా కంకాళుడు? బోయీ పోతే బోయీ తండ్రి మిగులుతాడా?

తల ఊపింది, సరేనన్నట్టు. చేతులు జోడించింది. కంకాళుడు తృప్తిగా ముందుకి వంగాడు, భుజం మీద ఎక్కడానికి.

చెంగలువ నోట్లో ఉన్న నీళ్ళన్నీ, తిట్లన్నిటికీ బదులుగా, వాడి మొహం మీద ఉమ్మింది.

ఎంత పెద్ద మాంత్రికుడికైనా మడే బలం. ఏళ్ళ తరబడి ఒకరు తాకిన నీళ్ళు తాగక కూడబెట్టుకున్న మంత్రాలన్నీ, ఒక బోయీపిల్ల ఎంగిలి తగలగానే ఉప్పులా కరిగాయి. కంకాళుడు కెవ్వుమన్నాడు. మెడ జానెడు మళ్ళీ బయటికొచ్చింది, ఇంకో జానెడు కూడా. ఒక చెయ్యి చెయ్యిగానే ఉండి రెండోది రెక్కయింది. కడుపు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఎర్ర చేప బయటికి ఎగిరింది.

దాన్ని పట్టుకుందామని చెంగలువ ముందుకి దూకింది. చేతులకి దొరకలేదు. ఆయాసంతో తెరిచిన నోట్లోకి దూరి, గొంతులోకి సర్రున జారిపోయింది.

"ఛీ! ఇదేమి రోత!"

అన్నది ఆమే. గొంతు మాత్రం యువరాజుది.

బురదలో ఉన్న యువరాజు కళ్ళు పెద్దవి చేసి చూశాడు. అవతల కంకాళుడు సగం మనిషిగా, సగం కొంగగా కుంటుతూ, పారే నీళ్ళలో మునిగి మడి తిరిగి తెచ్చుకోవడానికి సెలయేటి వైపు పరుగెత్తుతున్నాడు. మునిగాడంటే మళ్ళీ వస్తాడు.

"లెమ్ము!" అంది చెంగలువ, ఆ దిక్కుమాలిన గంభీర స్వరంతో. "నోటినిండా నీళ్ళు పట్టు. చెంబు కాదు, నోరు! ఒలికితివో, తంతును!"

ఆ గొంతులో ఆజ్ఞ వింటే ఎవరైనా లోబడాల్సిందే. సొంతదారు కూడా లోబడ్డాడు. బుగ్గలు పూరీల్లా పొంగించుకుని లేచాడు.

నిలువురాళ్ళ దగ్గర పోతయ్య, లచ్చన్న కునుకు తీస్తున్నారు. "లేవండ్రా!" అని చెంగలువ అరిచింది. కళ్ళు తెరిచారు. బోయీ నోట యువరాజు గొంతు విన్నారు, బుగ్గల్లో ఏదో కుక్కినట్టు వాచిన యువరాజు మొహం చూశారు. "దెయ్యం పట్టిందిరా నాయనో!" అని లచ్చన్న ఒక కేక పెట్టాడు. ఇద్దరూ పల్లకీని అక్కడే వదిలి, దారి కూడా చూసుకోకుండా చెట్లలో పడి మాయమయ్యారు. పొద్దున్న ఆ పరుగులో సగం చూపించి ఉంటే మధ్యాహ్నానికే కొండ దిగేవాళ్ళు.

ఇక పల్లకీ లేదు. కాళ్ళే ఉన్నాయి. నాలుగు.

పాదరక్షల్లో మట్టి బరువుకి యువరాజు అడుగు పడలేదు. చెంగలువ వాటిని లాగి అవతల పారేసింది. మణికూట రాజవంశపు పాదం తాతల తర్వాత మళ్ళీ ఇప్పుడే వెన్నెలగట్టు నేలని తాకింది. తాకిన చోటే ముల్లుంది.

"అమ్మా!" అని చెంగలువ కెవ్వుమంది.

ఆగింది. ఆమె కాలికి ఏమీ కాలేదు. యువరాజు ఒంటికాలి మీద గెంతుతున్నాడు, బుగ్గలు పొంగించుకుని, కళ్ళ నీళ్ళతో. ఇంకో అడుగు, ఇంకో రాయి. "అబ్బా! చచ్చితిని!" మళ్ళీ ఆమె నోట్లోంచే. గొంతు మారిందే కానీ యజమాని మారలేదు. నొప్పి ఆయనది, ఏడుపు ఆమెది.

"ఓరి నీ... చూసుకుని నడు..." అని ఆమె మొదలుపెడితే, మధ్యలో "కాలు మండుచున్నదే!" అని ఆయన అడ్డం పడ్డాడు, ఆమె నోట్లోనే.

అలా ఒకరు కుంటుతూ, ఒకరు అరుస్తూ, మల్లెల బండల మీద జారుతూ, వెదురు సందుల్లో దూరుతూ దిగారు. నెమళ్ళు ఈసారి పురుగులు మానేసి చూశాయి. ఎండ పసుపు నుంచి కుంకుమలోకి తిరిగింది. కింద, అల్లంత దూరంలో కోట బురుజు మీద ఢంకా మొదటి దెబ్బ మోగింది. పొద్దు పడమటి కొండ అంచుని తాకితే కొడతారు దాన్ని. ఆఖరిది, మూడో దెబ్బ, పొద్దు మునిగాక. మొదటిదానికీ ఆఖరిదానికీ మధ్యనే సింగన్న మెడ ఉంది.

వంతెన దగ్గరికి వచ్చేసరికి వంతెన లేదు. రెండు దుంగలూ లోయలో తిరుగుతూ పడిపోతున్నాయి. అవతలి గట్టున, తలంటుకున్నవాడిలా నీళ్ళు కారుతూ, కంకాళుడు. మెడ సరైన కొలతకి వచ్చింది. ఈసారి వాడు నిజంగానే పులిగా మారుతున్నాడు. చారలు ఒక్కొక్కటే ఒంటి మీద పాకుతున్నాయి.

గండి మరీ వెడల్పేం కాదు. మేక దూకగలదు. మేక దూకగలిగింది మనిషీ దూకొచ్చు, వెనక్కి తగ్గి పరుగెత్తుకొస్తే. అవతల పులి ఉన్న సంగతి వేరే.

యువరాజు గండిలోకి తొంగిచూశాడు. చెంగలువ గొంతులో ఏదో కదిలింది. తిట్టబోయింది, అది తిట్టుగా రాలేదు.

"నావల్ల కాదు," అంది ఆమె నోరు, చిన్నగా. బిరుదులు లేవు, సాగతీత లేదు. "నాకెప్పుడూ ఎవరూ దూకడం నేర్పలేదు."

చెంగలువ ఆయన వంక చూసింది. బుగ్గల్లో నీళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. కాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. అంత ఏడ్చినవాడు ఒక్కసారీ ఆగి కూర్చోలేదని ఆమెకి అప్పుడే తట్టింది.

"నాకు మాత్రం ఎవరు నేర్పారు?" అంది. ఆ గొంతు అడుగునుంచి, నలిగిపోయి, సన్నగా ఆమె సొంత స్వరం ఒక్క ముక్క పైకి తేలింది.

బురుజు మీద రెండో దెబ్బ మోగింది. అవతల పులి ముందరి కాళ్ళు చాపి వంగింది. చెంగలువ యువరాజు మణికట్టు బిగించి పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి తగ్గారు, పరుగెత్తారు, అంచు మీద కాళ్ళు నొక్కి దూకారు. సరిగ్గా అదే క్షణంలో అవతలి నుంచి పులీ దూకింది. లోయ మీద, కుంకుమ ఎండలో, ముగ్గురూ గాల్లో ఉండగా చెంగలువ నోట్లోంచి రెండు గొంతులు ఒక్కటే కేకగా బయటికొచ్చాయి.